కరగనిది

ఓదేలు తెచ్చిన సీసాల నీళ్లు తేటగనే ఉన్నయ్.
మడికొండ దాటినంక, ఫైబర్ ట్యాంకులు చేసే షెడ్డు వెనక
పేరు లేని కుంటల ముంచిండట.
"పరకపిల్లలు ఒడ్డుకొచ్చి రాళ్లకు మొప్పలు రుద్దుకుంటున్నయ్ మేడం,
విషం ఉన్నదో లేదో ఒక్క మాట చెప్పుండ్రి."

కిటికీ కాడ సీసా తిప్పిన.
ఏమీ లేదు. మళ్లీ తిప్పిన.
ఎవరో అందుల తల దువ్వుకొని పోయినట్టు
ఒక్క మెరుపు, సన్నగ.

దేనికైనా ఒక పద్ధతి ఉంటది మా దగ్గర.
షెడ్డు నుంచి గాజుపీచు తెప్పించి, తూకమేసి,
లీటరు నీళ్లకు వంద మిల్లీగ్రాములు,
ఒక పగలు ఒక రాత్రి గిరగిర తిప్పుడు.
కరిగేదైతే కరుగుతది.
కరగనిదాన్ని వడకట్టి
కిందికి దిగిన నీళ్లల్లనే ప్రాణాలను విడవాలె.
పుస్తకం అట్లనే చెప్తది.

ప్రాణాలంటే డాఫ్నియాలు. నువ్వుగింజకు తక్కువ.
ఒళ్లంత అద్దం. లెన్సు కింద పెడితే
గుండె కొట్టుకునుడు, గుడ్లు మోసుడు,
పొద్దుగాల తిన్న నాచు పచ్చదనం,
దాచుకున్నది ఏదీ ఉండదు.
ఇరవై విడిచిన. నలభై ఎనిమిది గంటలు.
ఇరవైకి ఇరవై ఎగురుకుంటనే ఉన్నయ్.

వడపోత కాగితం మీద మాత్రం
మక్కకంకి పీచులెక్క తెల్లగ పేరుకొని ఉన్నది
మేము పరీక్ష చెయ్యనిది.

ఫర్జానా ఇంటికి పోయినంక
ఎవరూ చెప్పని ఇంకో ఇరవై తీసిన.
ఈసారి వడకట్టలే.

రెండు రోజులకు చూస్తే
కొన్ని అడుగున పడి ఉన్నయ్,
ఈదే చేతుల నడుమ పుల్ల ఇరికి.
కడుపుతో ఉన్నదొకటి
తనకంటే పొడుగు పీచును ఈడ్చుకుంట
బీకరు అంచు పొంటి తిరుగుతనే ఉన్నది.
పదకొండు కదల్లే.
వాటిల్ల ఆరింటికి గుండె కొట్టుకుంటున్నది,
కనబడ్తది కద.

"అది విషం కాదమ్మా," అన్నడు సుధీంద్ర సారు, "తగులుడు.
ముల్లు గుచ్చుకుంటే ముల్లుకు విషమున్నదంటమా?"
నిజమే. తప్పు పట్టనీకి ఏం దొరకలే.

రిపోర్టుల పై గడిల రాసిన: విషప్రభావం లేదు.
కింద రిమార్కులని అంగుళం జాగ ఉంటది,
ఎప్పుడు ఖాళీగనే పంపుతం.
వడకట్టని నీళ్లు, ఇరవైట్ల పదకొండు, అని
చీమతలల అక్షరాలతోని అందుల ఇరికించిన.
సారు రెండుసార్లు చదివిండు. కొట్టెయ్యలే.
సంతకం మాత్రం పై గడి పక్కనే పెట్టిండు.

ఓదేలు కాగితాన్ని వెలుగుకు పట్టి చూసిండు,
నేను సీసాను చూసినట్టు.
"ఇండ్ల ఏది చూపియ్యాలె మేడం సర్పంచికి?
పైదా, కిందిదా?"
"కిందిది."
అరచెయ్యి గోక్కుంట మెట్లు దిగిండు.

నా చూపుడువేలుల కూడ ఒకటి ఉన్నది అప్పటిసంది.
లెన్సుకు దొరకదు.
బియ్యం కడిగేటప్పుడు
నీళ్లు తగిలితే చెప్తది.