ముల్లు

ఒల్యావ్ చేపల బజారులో
ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నా అరచెయ్యే కాటా.
పండుగప్పను తోక పట్టి ఎత్తితే చాలు,
"కిలో నూట ఎనభై" అంటాను.
ఎదురు కొట్టు ఫిర్మీనో పందెం కాసి
ఎన్ని కాఫీలు ఓడిపోయాడో.

బెనెదీత పుట్టిన రాత్రి
నర్సు తూచకముందే చెప్పాను:
మూడు కిలోల రెండొందలు.
ఆసుపత్రి కాటా ఇరవై గ్రాములు ఎక్కువ చూపింది.
తప్పు కాటాదే అని ఇప్పటికీ అంటాను.

మొన్న బడినుంచి ఉత్తరం.
ఒక వంపు గీత, దానికి పైన ఎక్కడో ఒక చుక్క.
ఆ చుక్క మా పిల్లట.
కవరు పిల్ల చేతికే ఇచ్చి పంపారు.
విప్పి, మళ్ళీ అంటించిన జిగురు
నా వేలికి తగిలింది.

లుర్దెష్ చదివింది. ఏమీ అనలేదు.
రొట్టెల డబ్బా పై అరకి ఎక్కించింది.
మా అమ్మ కుర్చీ వేసుకుని మరీ దింపింది.
"బిడ్డ చిక్కిపోయింది, మెడ చూడండి."
ఒక్క సార్డిన్ ముగ్గురు పంచుకున్న ఇంట్లో పెరిగింది మా అమ్మ,
ఎప్పుడూ తోక వంతే తనది.
ఆవిడ కంటికి ఈ లోకంలో
ఎవరూ ఇంకా సరిపడా తినలేదు.

"నువ్వు చెప్పు, తూకాల మనిషివి" అన్నారిద్దరూ.
పిల్లకేసి చూశాను.
ముందు పళ్ళ సందు కనబడింది,
మోకాలి మీద ఆరని గీరుడు కనబడింది.
బరువు కనబడలేదు.
"సరిగ్గానే ఉంది" అన్నాను,
చెయ్యి పెట్టకుండా తూకం చెప్పడం
అదే మొదటిసారి.

శనివారం, బజారు కడిగేవేళ
నేను మంచుగదిలో ఉన్నాననుకుంది.
పెట్టెలు తూచే పెద్ద కాటా దగ్గర
బూట్లు విప్పింది. కోటు విప్పింది.
జేబులో గవ్వలు తీసి గట్టుమీద పెట్టింది.
ఒక కాలు ఎక్కించి, దించి,
తలలో క్లిప్పు కూడా తీసేసింది.
ఊపిరి బిగబట్టి ఎక్కింది.

ముల్లు ఊగింది.
ఎక్కడ ఆగిందో నేను చూడలేదు,
జుట్టు కళ్ళమీద పడుతుంటే
వంగి వంగి అది చూసింది.

గొంతులో ముల్లు దిగిందని వచ్చినవాళ్ళకి
రొట్టె ముద్ద మింగండి, పోతుందని చెబుతుంటాను.
ఎన్నేళ్ళుగానో చెబుతున్నాను.

చప్పుడు చేస్తూ బయటికొచ్చాను.
ఏమీ చూడనట్టే
క్లిప్పు అరచేతిలో వేసుకుని ఎగరేశాను.
"ఆరు గ్రాములు!"

నవ్వుతుందనుకున్నాను.

"నాలుగు" అంది బూటు తొడుక్కుంటూ.
"నిన్న వంటింట్లో తూచాను, నాన్నా."