కొండమల్లేపల్లిల పది నిమిషాలు

నల్లగొండ బస్టాండుల రంగులైట్ల మిషిను మీద
మల్ల నిలవడ్డ.
చక్రం గిర్రున తిరిగి ఆగింది.
కింద సందులకెళ్లి అట్టముక్క టక్కున రాలింది.
ముందట ఎనభై ఏడు కిలోలు.
ఎనుక, 'మీకు దూరప్రయాణం కలదు.'

పద్దెనిమిదేండ్ల సంది కండక్టర్‌ను.
నాకు చెప్తున్నవా తల్లీ?

పాత అట్టలు గూడ ఉన్నయి,
సంచిల చిల్లర కింద, రబ్బరు ఏసి.
ఎనభై రెండు. డెబ్బై తొమ్మిది. ఎనభై ఐదు.
పారేద్దామంటె చెయ్యి రాదు.
డెబ్బై తొమ్మిది నాడు ఎంత సంబురపడ్డనో!
ఆ ఏడు జొన్నరొట్టె, పొట్లకాయ తప్ప ముట్టలె.
ఆడిబిడ్డ కొడుకు పెండ్లిల బగారన్నం ముందట కూసొని
వాసన మాత్రం తిని లేచిన.
దసరాకు ఇరిగింది ఒట్టు.
ఒక్క ముక్కతోని ఏమైతదన్న.
ఆ ఒక్క ముక్క పోయి తలకాయకూర దాక పిలుసుకచ్చింది.
ఆ ఎనుక ఎవరో అంటగట్టిన పొడి, రెండువేల నాలుగొందలు.
ఆ డబ్బాల ఇప్పుడు మెంతులు పోసుకున్న.
ఎన్జీ కాలేజి గ్రౌండుల పదకొండు దినాలు నడిచిన.
పన్నెండోనాడు వాన.
వాన ఒక్కనాడే కొట్టింది,
నేను రెండేండ్లు తడుస్తనే ఉన్న.

జీరో టికెట్లు వచ్చినంక బస్సు బస్సు గాదు,
మూతి కుట్టిన బస్తా.
మొన్న కనగల్ల ఎక్కిన ముసలమ్మ, చంకల కోడి,
"జర సన్నగ నిలవడు బిడ్డా" అన్నది.
ఎక్కిరింపు గాదు. జాగ లేక అన్న ఉత్త మాట.
కోడి సుత నా దిక్కు చూసింది.
అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన.
నవ్వుకుంటనే టికెట్ చింపి చేతుల పెట్టిన.

రాత్రి ఖాకీ అంగీ ఇడుస్తుంటె ఆ మాట మల్ల ఇనవడ్డది.
కుట్లు ఇప్పుదామంటె లోపల బట్ట లేదు.
దర్జీ జానిమియా ఆనాడే చెప్పిండు,
"మూడుమాట్ల ఇప్పిన అక్కా, ఇగ అంచే మిగిలింది."
ఫుట్‌బోర్డు ఎక్కినప్పుడల్ల మోకాలు గూడ
గదే మాట చెప్తున్నది, వేరే యాసల.

పది కిలోలు గాదు, అయిదు గాదు.
ఈపాలి ఒక్క కుట్టు లోపలికి. అంతే అనుకున్న.

కొండమల్లేపల్లిల పది నిమిషాలు ఆగుతది మా బస్సు.
డ్రైవర్ మల్సూరు ఎప్పటిలెక్కనే రెండు ప్లేట్ల మిర్చి తెచ్చిండు.
ఒద్దన్న.
"మల్ల మొదలువెట్టినవా అండాలక్కా?"
ఆ 'మల్ల' మిర్చి కంటె ఎక్కువ మండింది.

పొద్దుగాల దేవరకొండ పోతం గద మల్సూరూ,
మాపటికి మల్ల నల్లగొండకే వస్తం.
ఎక్కడ బయలెల్లినమో అక్కడికే.
పద్దెనిమిదేండ్లల ఎవరన్న అన్నరా
మనం ఎటూ పోలేదని?

అనుడైతె అన్న.
నోట్లె నీళ్లు మాత్రం ఊరుతనే ఉన్నయి.
సెనగపిండి నూనెల పొంగిన వాసన
అంగీ గుండీల సందులకెళ్లి లోపలికి దూరుతున్నది.
లేచి బస్సు చుట్టు తిరగవట్టిన.
ముందటి టైరు, ఎనుకటి టైరు, నిచ్చెన, మల్ల ముందటి టైరు.
కిటికీలకెళ్లి తలకాయలు బయటికొచ్చినయి,
"పంచరైందా ఏందమ్మా?"
అయ్యింది, అతుకేస్తున్న అన్న.

ఏడో సుట్టుకు హారన్ కొట్టిండు.
ఒక మిర్చి తిన్న. అబద్ధమెందుకు.
మిగిలిన మూడు ముందటి సీటుల పిల్లగానికి ఇచ్చిన.
వాడు నన్ను దేవతను చూసినట్టు చూసిండు,
నేను మిర్చిని చూసిన.

నోటుబుక్కుల అట్ట ఎనుక రాసుకున్న:
ఏడు సుట్లు, ఒక మిర్చి.
రేపు గూడ ఇక్కడ ఆగుతది బస్సు,
గదే పొయ్యి, గదే నూనె.
ఎనిమిది సుట్లకు టైం సాలుతదో లేదో.

నాలుగేళ్లు తుడుసుకొని సీటీ కొట్టిన.
రైట్.