తక్‌పట్టీ వెనకాల

టైంటేబుల్ గీసిన,
తక్‌పట్టీ వెనక దిక్కు.
ముందు దిక్కు నీలం కార్బన్ల ఎవరో రైతు:
ముప్ఫై రెండు బస్తాలు, తాలు రెండు,
హమాలీ, దడ్వాయి, చాటకూలి పోను
మిగిలింది.
వెనక దిక్కు నేను:
నిద్ర, బస్సు, అడ్తి దుకాణం, అన్నం పోను
మిగిలింది.

ఐసెట్‌కు నలభై ఆరు రోజులు.
రోజుకు నాలుగు గంటలని పెన్సిల్‌తోనే రాసిన.
మార్చి నెలల, ఎనుమాముల యార్డుల కూసొని
పెన్నుతోని రాసే ధైర్యం ఎవలికుంటది?

పొద్దున నాలుగున్నర: లెక్కలు.
నాలుగున్నరకే ములుగు రోడ్డు మీద మిర్చి లారీలు
మా కిటికీ దిక్కే హారన్లు కొడ్తయన్న సంగతి
ఆ గడిల పట్టలే.
రాత్రి తొమ్మిది: ఇంగ్లిష్.
తొమ్మిదికి నా కండ్లల్ల ఇంక తేజ మిర్చే ఉంటది,
ఏ పేజీ తెరిచినా నీళ్లే.
పాఠం అంత దుఃఖంగున్నదా అని మా చెల్లె నవ్వుతది.

పుస్తకం ఒక్కటే, ఇద్దరం కలిసి కొన్నం,
నేనూ, నయీంనగర్ల జిరాక్సు మిషిను నడిపే తబస్సుం.
బ్లేడుతోని నడుమకు కోసి
లెక్కలు నాకు, రీజనింగు ఆమెకు.
ఆదివారం చౌరస్తల మార్చుకోవాలె.
కోసినంక తెలిసింది,
జవాబులన్నీ ఆఖర్న ఉంటయి,
అవి ఆమె సగంల పోయినయి.
వారం దినాలు నేను చేసిన లెక్క
ఒప్పో తప్పో తెల్వకుంటనే పండుకుంటున్న.

కాలము - పని అనే చాప్టరు.
ఎ ఒక పనిని పన్నెండు రోజుల్లో,
బి పద్దెనిమిది రోజుల్లో,
ఇద్దరూ కలిసి చేసినచో...
కాంటా పక్కన బస్తా దించుతున్న రాజీరును అడిగిన.
తువ్వాల దులిపి ఆలోచించిండు.
"ఏం మోస్తున్నరు?"
రాయలేదన్న.
"మెట్లున్నయా?"
అదీ రాయలేదన్న.
"బి మోకాలు నొస్తున్నట్టున్నది," అన్నడు,
"ఆయినెను తొందర పెట్టకున్రి."
ఆప్షన్లల్ల అది లేదు.
ఏడు రోజుల చిల్లర అని టిక్కు పెట్టిన గని
ఆ పొద్దంత బి మోకాలే యాదికొచ్చింది.

వారం తిరిగేసరికి రబ్బరు అరిగింది.
నాలుగు గంటలు రెండైనయి,
రెండు గంటన్నర అయింది,
చివరికి నికరంగ దొరికింది ఒక్కటే:
జెండా పాట అయిపోయినంక
కాంటాలు మొదలయ్యేదాక ఉండే
ముప్ఫై అయిదు నిమిషాలు.
ఖరీదుదార్లు చాయకు పోతరు.
రైతులు రేటును నోట్లె తిప్పుకుంట
కుప్పల పక్కన కూసుంటరు.
యార్డు ఎర్రగ, సప్పుడు లేకుంట ఉంటది.
చాట చేతుల పట్టుకొని కొంరవ్వ
నా స్టూలు ముందట నిలబడి ఎండను ఆపుతది.
ఆమెకు ఎవ్వలు చెప్పలే.
ముప్ఫై అయిదును
మిగిలిన ముప్ఫై తొమ్మిది రోజులతోని గుణించి,
వెయ్యిన్ని మూడు వందల అరవై అయిదు నిమిషాలని
పెన్నుతోని రాసిన.

గప్పుడే వచ్చిండు రేగొండ రైతు,
తక్‌పట్టీ మరిచిపోయిన బిడ్డా అనుకుంట.
ముందు దిక్కు చదివిండు, తలకాయ ఊపిండు.
తిప్పిండు.
గీతలు, గడులు, చెరిపిన మరకలు, నడుమ ఒక్క అంకె.
"ఇదేం కటింగు?
గిది గూడ నా పైసలల్ల పట్టిన్రా?"
లేదు పెద్దనాయినా, అది నాది అన్న.
నా దిక్కు చూసిండు. కాయితం దిక్కు చూసిండు.
"నీకు గూడ మస్తు కోసిన్రు," అనుకుంట
నాలుగు మడతలు పెట్టి అంగీ జేబుల ఏసుకొని
బస్సుకు పోయిండు.

దడ్వాయి మొదటి బస్తా బరువు పలికిండు.
రాసుకున్న.