రెండు సెంటీమీటర్లు

తోరున్ మ్యాపు గీసింది,
సిగ్‌బ్యోర్న్ లెక్కలు కట్టాడు.
నేను రాసింది ఆ పట్టీ ఒక్కటే:
ఎడమ నుంచి కుడికి నిండుతూ
"కాస్త ఆగండి" అనే నీలం పట్టీ.

అంతకు ముందు
నొక్కిన ప్రతిసారీ పేజీ తెల్లబోయేది.
ఒక రేవు నుంచి ఇంకో రేవుకి జరగాలంటే
లోకమంతా చెరిపేసి
మొదటి గీత నుంచి మళ్ళీ గీసుకొచ్చేది.
పడవ ఎక్కడుందో చూసేలోగా
పడవ వెళ్ళిపోయేది.

ఆ చలికాలం కొత్త ప్లగిన్ వచ్చింది.
బ్రౌజరు గోడకి కన్నం పెట్టి
లోపల ఇంకో గది కట్టుకోవచ్చన్నారు.
అందులో గీతలు వంగుతాయి,
లాగితే సముద్రం చేతి వెంట వస్తుంది.
మేం ముగ్గురం మూడు నెలలు
ఆ గదిలోనే కాపురమున్నాం.
బయట స్వోల్వేర్‌లో రెండింటికే చీకటి,
లోపల కాఫీ, ఎండు చేప,
గుణింతంలా వల్లెవేసిన కొత్త ఆదేశాలు.

మార్చిలో రేవు ఆఫీసుకి పట్టుకెళ్ళాం.
ఆటుపోట్ల పద్దు రాసే ఆస్లౌగ్
ఉన్ని తొడుగు ఒక చేతిది మాత్రం తీసి
మౌస్ పట్టుకుంది.
సముద్రం రాలేదు.
ముందు ఇది దించుకోండి, అంది తెర.
"కిటికీలోంచి ఊరికే కనిపిస్తోందిగా,
దీన్లో చూడ్డానికి ఎవరి అనుమతి?"
మాకు నోట మాట లేదు.
ఆమే "సరే" నొక్కింది.

ప్లగిన్ దిగింది. ఇక నా పట్టీ వంతు.
ఆ ఆఫీసు లైనుది నత్తనడక.
గుమ్మంలో నలుగురు జాలరులు,
రబ్బరు బూట్ల మీంచి మంచు కారుతోంది.
ముప్పై శాతం. నలభై.
ఇప్పుడు ఒప్పుకుంటున్నా:
ఏమీ రాకపోయినా
కొంచెం కొంచెం జరిగేలా రాశాను దాన్ని.
ఆగిన పట్టీని చూస్తే మనుషులు లేచిపోతారు.
తొంభై తొమ్మిది దగ్గర మాత్రం
అబద్ధానికి చోటు మిగల్లేదు.
ఆరు నిమిషాలు
అందరం అక్కడే నిలబడ్డాం.

తర్వాత,
పేజీ కదలకుండా సముద్రం కదిలింది.
ఒక జాలరి టోపీ తీశాడు,
ఎందుకు తీశాడో తెలియక మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆస్లౌగ్ తేదీని వెనక్కి లాగింది,
ఇంకా వెనక్కి,
ఇరవై ఏళ్ళ కిందటి ఒక ఫిబ్రవరి రాత్రికి.
సొరుగులోంచి పద్దు తీసింది.
పెన్సిలు అంకె మీద ఒక వేలు,
తెర అంకె మీద ఒక వేలు.
"మీది రెండు సెంటీమీటర్లు ఎక్కువ చెప్తోంది."
సిగ్‌బ్యోర్న్ గాలి అన్నాడు, పీడనం అన్నాడు.
"ఆ రాత్రి గాలి లేదు. కొలిచింది నేను."
ఈసారి తెల్లబోయింది మేము.

తెల్లవార్లూ వెతికితే దొరికింది:
ఒక దశాంశం చివర
చేప తోక కోసినట్టు కోసేశాం.
సరిచేశాం, కొత్త వెర్షన్ పెట్టాం.

వేసవిలో వెళ్తే
తెర అంచున పసుపు కాగితం ఇంకా ఉంది,
ఆమె చేతిరాతతో: రెండు తీసేయండి.
చింపబోయాను.
టోపీ జాలరి నా చెయ్యి పట్టుకున్నాడు.
"ఉండనీ. కింద నీళ్ళు
కాస్త తక్కువే అనుకుంటే పడవకి మంచిది."

కాగితం పక్కన
నా పట్టీ నిండుతోంది.
దాని వంక ఎవరూ చూడటం లేదు.