ఊడివచ్చేది

నవంబరు చివర్లో, డులూత్‌లో,
సరస్సు మీంచి కొట్టే గాలికి
గ్యాస్ సిలిండర్ మూతి కూడా బిగుసుకుపోతుంది.
గరాజు తలుపు సగం ఎత్తి, ఒంటి మీద బొంత కప్పుకుని
నీలిమంటకు కాపలా కాసిన ఏళ్లు ఇక చాలు.
"గుండిగ మరిగేలోపు మన జోకులు గడ్డకట్టేవి"
అన్నాడు ఆర్విడ్.
'మన' అన్నాడు.
నేను సరిదిద్దలేదు.

విడాకుల కాగితంలో గుండిగలు చెరొకటి రాసుకున్నాం.
పదిహేను గ్యాలన్ల స్టీలువి, కవల పిల్లలు.
సొట్ట పడ్డది నా వాటాకి వచ్చింది.
సొట్ట పెట్టింది నా బూటే కనక
జడ్జిని తప్పు పట్టలేను.

లెస్టర్ తన కొట్లో బల్ల మీద
మూడు హీటర్లు పరిచాడు, చేపలు చూపించినట్టు.
ఒకటి పొట్టిది, గీజర్లో ఉండే రకం.
"చవకే. కానీ వేడంతా ఒక్కచోటే కక్కుతుంది.
మాల్టు రసం దానికంటుకుని మాడుతుంది,
ఆ మాడు వాసన చివరి గ్లాసు దాకా వదలదు."
రెండోది నట్టేసి శాశ్వతంగా బిగించేది.
కడగాలంటే భుజం దాకా చెయ్యి దూర్చి తోమాలి.
నా మణికట్టు ముప్పై ఏళ్లు రేవులో క్రేన్ లాగింది,
దానికిక అంత ఓపిక లేదు.
మూడోది అలలు అలలుగా మడిచిన పొడుగు గొట్టం.
ఐదువేల ఐదువందల వాట్లు,
ఒంటి పొడవునా పల్చగా పంచుకున్న వేడి.
ఒక క్లాంపు, ఒక సిలికాన్ రింగు,
రెండు వేళ్లతో మర తిప్పితే ఊడి చేతికొస్తుంది.

"చెరొకటీ కట్టమంటారా?"
ఆర్విడ్ ధర చీటీ చూశాడు.
నేను ఆర్విడ్‌ని చూశాను.
"ఒకటి చాలు" అన్నాం, ఒకేసారి.
పెళ్లి ప్రమాణాలప్పుడు కూడా
మా గొంతులు అంత కలవలేదు.

బెజ్జం పెట్టడమే భయం.
హీటరు ఊడుతుంది కానీ
స్టీలుకి పడ్డ కన్నం పూడదు.
అడుగు నుంచి మూడు వేళ్ల ఎత్తున గుర్తు గీసి
నూనె చుక్కలు వేస్తూ, డ్రిల్లు మెల్లగా.
తొందరపెడితే స్టీలు ఇంకా గట్టిపడుతుందట.
నాకది కొత్త పాఠమేం కాదు.
నా గుండిగని అతను పట్టుకున్నాడు, అతనిది నేను.
చుట్లు చుట్లుగా రజను
నా సాక్సుల్లో వారం దాకా గుచ్చుకుంది.

బట్టలారబెట్టే మిషను ప్లగ్గు పీకి
ఆ గోడ నుంచే కరెంటు.
నడుమ, లీకేజీ పసిగట్టే బ్రేకరు:
నీళ్లూ కరెంటూ ఒకే కొంపలో కాపురముంటే
తగువు తీర్చే పెద్దమనిషి ఒకడుండాలి.
మాకు లేకపోయాడు.
గొట్టం పూర్తిగా మునిగాకే స్విచ్చి,
పొడిగా కాలితే దాని ఆయుష్షు నిమిషమే, అని
గుండిగ మీద మార్కరుతో రాశాడు ఆర్విడ్,
నేను మర్చిపోతానని. నేను మర్చిపోను.

ఇప్పుడది రెండు వారాలు వాలు కింద నా ఇంట్లో,
రెండు వారాలు వాలు మీద అతనింట్లో.
తువ్వాల్లో చుట్టి బకెట్లో పెట్టుకుని
మంచులో మోసుకెళ్తాం, బాలింత బిడ్డని మోసినట్టు.
నిమ్మ ఉప్పుతో కడిగి పంపాలని ఒప్పందం.
అతను సరిగా కడగడు.
మడతల్లో ఎప్పుడూ ఒక హాప్ రేకు అతుక్కునే వస్తుంది.
గోటితో గీకి వాసన చూస్తాను,
ఏం కాచాడో, ఎంతసేపు మరగనిచ్చాడో చెప్పేస్తాను.
మొన్నటిది చేదు కాస్త తగ్గించాడు.

ఈ శనివారం తువ్వాలు విప్పితే రింగు లేదు.
రింగు లేకపోతే చుక్కచుక్కా కారి
నేలంతా జిగట.
ఫోను చేశాను.
"అయ్యో, కిటికీ గట్టు మీదే ఉండిపోయింది" అన్నాడు.
ఆ అయ్యో మరీ సిద్ధంగా ఉంది.

నాలుగిళ్ల ఎత్తు. చలి సున్నాకి ఇరవై కింద.
అలాంటి రింగు లెస్టర్ దగ్గర డాలరున్నర,
నా డ్రాయర్లో ఇంకా రెండున్నాయి.

కోటు గుండీలు పెట్టుకున్నాను.