వాసన రాకూడదు

నర్సాపురం ఐసు ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు.
అమ్మోనియా గొట్టానికి సూదిమొనంత బెజ్జం పడితే
గేజీ ముల్లు కదలకముందే
నా ముక్కుపుటాలు కదిలేవి.
ఆ పొగరే ఇంట్లో నన్ను ముంచబోయింది.

ముందుగదిలో నాలుగడుగుల సముద్రం పెట్టాను.
ఆర్వో నీళ్లలో బస్తా ఉప్పు కలిపి చేసిన సముద్రం.
"వశిష్ఠ ఒడ్డున కాపురం ఉండి
ఉప్పునీళ్లు కొనుక్కునే మగాణ్ణి నిన్నే చూశాను"
అంది మాణిక్యాంబ.
ఏటిమొగ నీళ్లలో రొయ్యల చెరువుల మందులన్నీ ఉంటాయే, అన్నాను.
మొగల్తూరు కాలవ రంగు తెలిసినావిడ,
మారు మాట్లాడలేదు.

బొత్తాం పగడాలు, వేళ్లలా ఊగే తోలు పగడం,
ఒకదాన్నొకటి వదలని నారింజ చేపలు రెండు.
ఏడాది తిరిగేసరికి నీళ్లకి
టీ గుడ్డ పిండినట్టు పసుపు.
అప్పుడొచ్చింది ఓజోను డబ్బా,
కాకినాడ నుంచి, కిరీటి సంచిలో.
మూడో రోజుకి
గాజు ఉందో లేదో తడిమి చూడాల్సినంత తేట.
ఆ మురిపెంలో కిరీటి చెప్పినవి సగమే విన్నాను.

శ్రావణ మాసం, ముసురు పట్టిన రాత్రి.
నీళ్లలో వేలాడే ప్రోబుకి జిగురు పాచి పట్టింది,
రెండొందల డెబ్బై అని అబద్ధం చెబుతోంది.
ఇంకా తక్కువే అనుకుని కంట్రోలరు ఊదమంటోంది,
డబ్బా ఊదుతోంది.
స్కిమ్మరు మూత మీద బొగ్గు మార్చి ఆరు నెలలు.

మొదట బాగుంది వాసన,
మెరుపులు వెలిసిన చేలగట్టు మీద నిలబడ్డట్టు.
పది నిమిషాలకి లేదు.
పోయిందనుకున్నాను.
పోయింది నా ముక్కు.

ట్యూషన్ నుంచి వచ్చి, గొడుగు మడవకుండానే
గుమ్మంలో ఆగిపోయింది హేమసుందరి.
"నాన్నా, మనింట్లో గానీ పిడుగు పడిందా?"
మాట పూర్తి కాకుండానే దగ్గు.

ప్లగ్గు పీకాను. కిటికీలన్నీ బార్లా తీశాను,
జల్లు సోఫా మీద పడుతున్నా.
ముగ్గురం మెట్ల మీద కూర్చున్నాం.
పిల్ల వీపు రాస్తున్నాను.
ఇన్నేళ్లు యంత్రాల రొదలో బతికిన చెవి నాది,
ఆ రొమ్ములో కీచుమన్నది ఏ వాల్వో పోల్చుకోలేకపోయింది.

తెల్లారేసరికి పిల్ల తేరుకుంది.
చిన్న చేప తేరుకోలేదు.
పెద్దది రెండు రోజులు తోలు పగడం వెనకే,
మేత వేసినా రాలేదు.

కిరీటి వచ్చాడు. తిట్టలేదు,
తిట్టి ఉంటే బాగుండేది.
మెత్తటి బ్రష్షుతో ప్రోబు తోమి
కొలత ద్రావణంలో ముంచి అంకె సరిచేశాడు.
రబ్బరు గొట్టాన్ని వేళ్ల మధ్య నలిపాడు,
పాత వడియంలా పొడి అయిపోయింది.
"సిలికాను గొట్టం వేయమన్నాను కదండీ బాబాయ్."
అన్నావు, అన్నాను.

ఇప్పుడు మూడొందల యాభై దగ్గర ఆగిపోతుంది.
దాని మీదా నమ్మకం చాలక ఇంకో టైమరు పెట్టాను.
బయటికొచ్చే నీళ్లకొక బొగ్గు, గాలికొక బొగ్గు,
పాలవాడి లెక్కతో పాటు క్యాలెండర్లో వాటి తేదీలు.
కరెంటు పోతే నీళ్లు వెనక్కి ఎక్కకుండా
డబ్బా తొట్టి కంటే ఎత్తున, గోడకి.
గాలి ఆరబెట్టే నీలం పూసలు
మా ఊరి తేమకి రెండు రోజుల్లో గులాబీ అవుతాయి.
వాటిని వేయించడానికి బాల్కనీలో వేరే మూకుడు,
వంటింట్లోకి రాకుండా
ఎర్రరంగుతో అడ్డగీత గీసింది మాణిక్యాంబ.

మరొక నారింజ చేపని తేవాలా అని కిరీటి అడిగాడు.
ఇంకా ఏం చెప్పలేదు.

సాయంత్రం ఆరున్నరకి సైకిలు స్టాండు చప్పుడు.
హేమసుందరి చెప్పులు విప్పకుండా
గడపకి అవతలే నిలబడి
లోపలి గాలి ఒక్కసారి పీలుస్తుంది.
నేను వార్తల గొంతు తగ్గిస్తాను.

"ఏం లేదు నాన్నా."

అప్పుడు లోపలికొస్తుంది.