ఎడమది

రామచంద్రపురం మెయిన్‌రోడ్డులో
ఫోన్లకి గ్లాసులు అతికించే కుర్రాడు చెప్పాడు:
"బాబాయ్, మీ స్పీకరు మళ్ళీ వత్తాదంట."

అంట.
మా డెల్టాలో సగం బతుకు ఆ ముక్క మీదే నడుస్తుంది.
కాలవకి ఈసారి ఒకటో తారీకునే నీళ్ళొదుల్తారంట,
లాకుల తలుపులు కొత్తవి వేస్తారంట.
టీ గ్లాసు బల్ల మీద పెట్టాను గానీ
ఎవరన్నారని అడగలేదు.
అడిగితే ఆ అంట కాస్తా ఊడిపోతుంది.

ముప్ఫై ఒక్క ఏళ్ళు మైకుసెట్టు మోసినవాణ్ణి.
ద్రాక్షారం నుంచి యానాం దాకా
నా బాకా కట్టని కొబ్బరిచెట్టు లేదు,
పెళ్ళికీ చావుకీ ఓట్లకీ ఒకటే వైరు.
ఎడమ బాకా నాది. కుడి బాకా లాజరుది.
వాడు అటు చెట్టెక్కి
"ఆయ్, ఇనపడతందా?" అని కేకేసేవాడు,
మైకులో కాదు, నోటితో.
నేను చెయ్యెత్తితే దిగేవాడు.

ఆ స్పీకరు కొన్నది
కంపెనీ ఇక చెయ్యమన్న వారంలోనే.
పీచు తియ్యని కొబ్బరికాయంత,
బూడిదరంగు అల్లిక గుడ్డ చుట్టుకుని.
లాజరు అరచేత్తో తూచి
"ఇందులో అయస్కాంతం నిజమైందిరా" అన్నాడు.
రెండు కలిపితే గదికి కుడీ ఎడమా వస్తాయని
దాని పుస్తకంలో రాసుంది.
షాపులో ఒకటే మిగిలింది.
కాకినాడలో లేదు, రాజమండ్రిలో లేదు,
విశాఖలో పెట్టె దొరికింది, లోపల ఖాళీ.

దానికి తెలుగు రాదు.
లాజరు "ఆయ్" అంటే
నెత్తి మీద వెలుగు గుండ్రంగా తిరిగి తిరిగి
క్షమాపణ చెప్పేది.
"మర్యాదస్తురాలే, మనూరిది కాదు గానీ" అనేవాడు.
కానీ పాట పెడితే,
మృదంగం మీద చెయ్యి పడబోయే ముందు
గాలి కొంచెం సర్దుకుంటుంది చూడండి,
అది వినిపించింది.
ముప్ఫై ఏళ్ళుగా మేం ఊళ్ళకి పంచింది
పాట కాదు, పాట పెట్టిన కేకలని
ఆ రాత్రి ఇద్దరికీ తెలిసింది.
ఒకరితో ఒకరం అనుకోలేదు.

వాడు అలమరలో కుడిపక్క అర మీద
చెయ్యి ఆనించి, రెండోది ఇక్కడ, అన్నాడు.
అప్పట్నుంచీ అక్కడ నేనేమీ పెట్టలేదు.
మా ఆవిడ ఊరగాయ జాడీ పెట్టబోతే కసిరాను,
తరవాత సిగ్గుపడ్డాను.

కిందటేడు వరద నెలలో లాజరు పోయాడు.
సమాధుల దొడ్లో మైకు కట్టింది ఎవరో కొత్త కుర్రాళ్ళు.
రెండు పక్కలా సమానంగానే మోగింది.
ఎవరూ చెట్టెక్కలేదు.

మా కోటిపల్లి రైలు పట్టాలు
యుద్ధానికి ఇనుం కావాలని పీక్కుపోయారు.
మా తాత ఆ కట్ట మీద గేదెల్ని మేపాడు.
అరవై ఏళ్ళు దాటాక మళ్ళీ వేశారు.
ఆ రోజు స్టేషన్లో మైకు మాదే.
ఒక్కటే పెట్టె, బస్సంత,
కూతేసుకుంటూ వచ్చింది.
తెల్లపంచె ముసలాయనొకడు దాన్ని తడిమి చూసి
"ఇది అది కాదు" అన్నాడు.
అని, ఎక్కి కూచున్నాడు.

అందుకే కుర్రాణ్ణి ఇంకొక్క మాట అడిగాను:
కొత్తదొస్తే, పాతదానితో జత కడుతుందా?
ఫోన్లో వేలు కిందకీ కిందకీ జరిపాడు.
"కట్టదంట బాబాయ్.
రెండూ కొత్తవే కొనుక్కోవాలంట."

రాత్రి కరెంటొచ్చాక
దాని నెత్తి మీద వెలుగు ఒక చుట్టు తిరిగి ఆగింది.
పాట పెట్టాను, కొంచెం తగ్గించి.
కుడివైపుకి నడిచి, ఖాళీ అర పక్కన నిలబడి,
ఇంట్లోవాళ్ళు నిద్రపోయారో లేదో చూసుకుని,
"ఆయ్, ఇనపడతందా?" అన్నాను.

అది క్షమాపణ చెప్పింది,
ఇంగ్లీషులో, చాలా మెత్తగా.

నేను చెయ్యెత్తాను.